కర్మాగారాల భద్రతకు బాట వేసిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్

మన సంఘం ప్రత్యేక సంచికలో గొప్పవారి జీవితాలు వేయాలని సంపాదకవర్గం తలపెట్టి, నన్ను కూడా ఒకటి రాయవలసిందిగా కోరింది. మన జాతీయ నాయకుల గురించీ, సంఘ సంస్కర్తల గురించీ నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. వారికి ఆ పని వదిలిపెట్టి, నేను ఒక అమెరికా మహిళను ఎంచుకున్నాను. ఆమె పేరు ఫ్రాన్సిస్ పెర్కిన్స్. అమెరికా చరిత్రతో పరిచయం ఉన్నవారికి బాగా తెలిసిన పేరే. ఆ దేశపు కేంద్ర మంత్రివర్గంలో చోటు సంపాదించిన మొట్టమొదటి స్త్రీ ఆవిడే.

ఈమె మీద నాకు గౌరవం కలగడానికి కారణం నా ఉద్యోగం. నా సర్వీసులో సగానికి పైగా ఫ్యాక్టరీల తనిఖీ చూసే ఒక జిల్లా కార్యాలయంలో గుమాస్తాగా గడిచింది. అప్పుడు అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షను ప్రకారం, పనిలో దెబ్బ తగిలి కార్మికుడు 48 గంటలు, అంతకు మించి పనిచేయలేకపోతే ఫ్యాక్టరీవారు మా ఆఫీసుకు నోటీసు పంపాలి. వాటిని ఇన్వార్డు రిజిస్టరులో ఎక్కించి ఫైలు పెట్టడం నా సీటు పని. ప్రమాదానికి కారణం అన్న చోట చాలామటుకు ఒకే మాట ఉండేది: కార్మికుని అజాగ్రత్త. ఒక మిల్లు నుంచి రెండేళ్లలో మూడు నోటీసులు వచ్చాయి. మూడూ ఒకే మిషను దగ్గర జరిగినవి. ముగ్గురు వేర్వేరు మనుషులు, పోయినవి వేళ్లే, రాసిన కారణం కూడా అదే. మా ఇన్‌స్పెక్టరు గారు స్వయంగా వెళ్లి చూస్తే, బెల్టుకూ చక్రానికీ అడ్డుగా ఉండవలసిన కంచె లేదు. కంచె వేయించారు. ఆ మిషను నుంచి నేను ఆ సీటులో ఉన్నంతకాలం నాలుగో నోటీసు రాలేదు. ప్రమాదం జరిగితే దెబ్బ తిన్న మనిషిని నిలదీయడం తేలిక, అది జరిగిన చోటును నిలదీయడం కష్టం. ఆ కష్టమైన పనిని నూరేళ్ల కిందట ఒక ప్రభుత్వం చేత చేయించిన మనిషి పెర్కిన్స్ గారు.

ఆమె 1880 ఏప్రిల్ 10న బోస్టన్‌లో పుట్టి, వూస్టర్ పట్టణంలో పెరిగింది. తండ్రికి కాగితం, స్టేషనరీ వ్యాపారం. కలిగిన కుటుంబం, దైవభక్తి, పొదుపు గల ఇల్లు. బీదవాళ్లు బీదగా ఉండడానికి తాగుడూ సోమరితనమే కారణమని ఆ ఇంట్లో పెద్దల నమ్మకం. మౌంట్ హోల్యోక్ మహిళా కళాశాలలో ఆమె చదివినది భౌతిక, రసాయన శాస్త్రాలు. అయితే చివరి సంవత్సరంలో ఆర్థిక చరిత్ర చెప్పే అధ్యాపకురాలు విద్యార్థినులను దగ్గరలోని మిల్లులకు పంపి, అక్కడి పని పరిస్థితులు చూసి రాసుకు రమ్మనేది. అక్కడ చూసిన దానితో ఇంట్లో నేర్చుకున్న నమ్మకం చెదిరింది. నిక్షేపంగా పనిచేసుకునే మనిషి చెయ్యి మిషనులో పోతే, ఆ కుటుంబం వీధిన పడడానికి తాగుడు అవసరం లేదని తెలిసింది. 1902లో పట్టా పుచ్చుకుంది.

కొంతకాలం షికాగో దగ్గర పంతులమ్మగా పనిచేస్తూ, సెలవు దినాల్లో అక్కడి బస్తీలలో సేవ చేసింది. తరువాత ఫిలడెల్ఫియా, అక్కడి నుంచి న్యూయార్క్. 1910లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఏ. తీసుకుని, వినియోగదారుల సంఘం న్యూయార్క్ శాఖకు కార్యదర్శి అయింది. పేరును బట్టి ఇది ధరల సంగతి చూసే సంఘం అనుకోకండి. తాము కొనే వస్తువు ఎటువంటి పరిస్థితులలో తయారయిందో కొనేవారు తెలుసుకోవాలన్నది దాని సిద్ధాంతం. ఆ హోదాలో ఆమె నేలమాళిగలలో నడిచే రొట్టెల బట్టీలను చూసింది, బట్టల ఫ్యాక్టరీలలో నిప్పు అంటుకుంటే బయటపడే దారి ఉందా లేదా అన్నది కూడా చూసింది. 1910 నవంబరులో పక్కనే ఉన్న నెవార్క్ నగరంలో ఒక ఫ్యాక్టరీ తగలబడి ఇరవై మందికి పైగా ఆడపిల్లలు చనిపోయారు. అటువంటిది న్యూయార్క్‌లోనూ జరుగుతుందని అక్కడి అగ్నిమాపక దళాధిపతి బహిరంగంగానే హెచ్చరించాడు. నాలుగు నెలలు తిరిగేసరికి జరిగింది.

1911 మార్చి 25, శనివారం. పెర్కిన్స్ గారు వాషింగ్టన్ స్క్వేర్ దగ్గర ఒక స్నేహితురాలి ఇంట్లో టీ తాగుతూ ఉన్నారు. ఫైర్ ఇంజన్ల గంటలు వినిపించి అందరూ బయటికి పరుగెత్తారు. ఎదుట పది అంతస్తుల ఆష్ బిల్డింగు. అందులో పై మూడు అంతస్తులు ట్రయాంగిల్ అనే జాకెట్ల తయారీ కంపెనీవి. సుమారు అయిదు వందల మంది పనివాళ్లు. ఎక్కువమంది ఇటలీ నుంచీ, తూర్పు ఐరోపా యూదు కుటుంబాల నుంచీ వలస వచ్చిన ఆడపిల్లలు. పద్నాలుగేళ్ల వాళ్లు కూడా ఉన్నారు.

పని ముగిసే వేళకు ఎనిమిదో అంతస్తులో కత్తిరింపు బల్లల కింద నిప్పు పుట్టింది. గుడ్డ పీలికలు వారాల తరబడి అక్కడే పేరుకుని ఉన్నాయి. ఎవరో పారేసిన సిగరెట్టో అగ్గిపుల్లో కావచ్చునని తేల్చారు. ఎనిమిదో అంతస్తువారు ఫోను చేసి పదో అంతస్తుకు చెప్పగలిగారు. పదో అంతస్తులో ఆఫీసు, యజమానులు ఉండేవారు. వారిలో దాదాపు అందరూ మేడ మీదికెక్కి పక్క భవనంలోకి దాటుకున్నారు. మధ్యనున్న తొమ్మిదో అంతస్తుకు మాత్రం కబురు అందలేదు. మంటే కబురు చెప్పింది. అక్కడ రెండు మెట్ల దారులున్నాయి. ఒకవైపు మంట. రెండోవైపు తలుపుకు తాళం. పిల్లలు గుడ్డముక్కలు దొంగిలించుకు పోతారేమోనని, సాయంత్రం అందరినీ ఒకే దారిన పంపి సంచులు వెదకడం అక్కడి అలవాటు. అందుకు ఆ తాళం. వెనుక గోడకు బిగించిన ఇనుప నిచ్చెన జనం బరువుకు ఊడి కూలిపోయింది. లిఫ్టు నడిపేవాళ్లు ఇద్దరు, నడిచినంతసేపు పైకీ కిందికీ తిప్పి ఎంతోమందిని కాపాడారు. వచ్చిన ఫైర్ ఇంజన్ల నిచ్చెనలు ఆరో అంతస్తు వరకే అందాయి. మిగిలిన దారి కిటికీలే. కింద పట్టిన వలలు ఆ వేగానికి చిరిగిపోయాయి. వీధిలో నిలబడి చూసినవారిలో పెర్కిన్స్ గారు ఒకరు. అప్పటికి ఆమె వయస్సు ముప్పై.

అరగంట లోపే అంతా ముగిసింది. చనిపోయినవారు 146 మంది. అందులో 123 మంది స్త్రీలు. భవనం మాత్రం చెక్కుచెదరలేదు. అది నిప్పుకు తట్టుకునే భవనమని కట్టినవాళ్లు చెప్పుకున్న మాట అబద్ధం కాదు, ఇప్పటికీ నిలిచే ఉంది. యజమానులిద్దరి మీద కేసు నడిచింది. తలుపుకు తాళం ఉన్నట్టు వారికి తెలుసునని రుజువు కాలేదన్న కారణంతో ఆ డిసెంబరులోనే విడుదలయ్యారు. 1914లో సివిలు దావాలు రాజీ అయినప్పుడు ఒక్కొక్క ప్రాణానికి దక్కినది 75 డాలర్లు. మధ్యలో 1913లో ఆ యజమానుల్లో ఒకడు తన కొత్త ఫ్యాక్టరీలో తలుపుకు తాళం వేయించి మళ్లీ పట్టుబడ్డాడు. జరిమానా 20 డాలర్లు! ఫైళ్లు చూసిన చేతితో చెబుతున్నాను, జరిమానా తక్కువగా ఉంటే అది వ్యాపారానికి ఒక ఖర్చు పద్దు అవుతుందే గాని శిక్ష కాదు.

కోర్టులో దొరకనిదాన్ని చట్టంలో సంపాదించాలని పెర్కిన్స్ గారి వంటివారు నిశ్చయించుకున్నారు. నగరంలో ఒక భద్రతా సంఘం ఏర్పడింది, ఆమె దానికి కార్యదర్శి అయింది. 1911 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ ఫ్యాక్టరీల విచారణ కమిషన్‌ను నియమించింది. రాబర్ట్ వాగ్నర్ అధ్యక్షుడు, ఆల్ స్మిత్ ఉపాధ్యక్షుడు. ఇద్దరూ చట్టసభ సభ్యులు, పార్టీ రాజకీయాలలో ఆరితేరినవాళ్లు. పెర్కిన్స్ గారు కమిషన్ తరఫున పరిశోధన చేసి సాక్ష్యమూ ఇచ్చింది.

ఇక్కడ ఆమె చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. కమిషన్లంటే మనకు తెలియనివా? హాలులో కుర్చీలు వేసుకుని, వచ్చినవాళ్లు చెప్పింది టైపు చేయించి, మూడు సంపుటాలు అచ్చు వేసి బీరువాలో పెట్టడం. ఆవిడ ఆ పెద్దమనుషులను కుర్చీలలోంచి లేపి బయలుదేరదీసింది. తాళ్లు పేనే ఒక ఫ్యాక్టరీకి తెల్లవారుజామున ఆల్ స్మిత్‌ను తీసుకువెళ్లి, పది గంటల రాత్రి షిఫ్టు దిగి వచ్చే ఆడవాళ్ల ముఖాలు చూపింది. కూరలు డబ్బాలకెత్తే ఒక షెడ్డుకు చెప్పకుండా తీసుకువెళ్లి, అయిదేళ్లు, ఏడేళ్లు వయసున్న పిల్లలు చిక్కుళ్లు తుంచుతూ, బఠాణీలు ఒలుస్తూ ఉండగా చూపించింది. ఇంకొక చోట, మంటలొస్తే తప్పించుకునే దారి అని బోర్డు రాసిపెట్టిన చిన్న కంతలోంచి అధ్యక్షుడు వాగ్నర్ గారినే పాకించింది. కంత అవతల మంచు గడ్డకట్టిన ఇనుప నిచ్చెన, అది కూడా నేలకు పన్నెండడుగుల ఎత్తున ఆగిపోయింది. రిపోర్టులో ఆ నిచ్చెన ఉన్నది అని రాస్తే సరిపోయేది. దిగి చూసినవాడికి అది లేనట్టేనని తెలిసింది. తనిఖీ అంటే ఇదీ.

కమిషన్ మొదటి సంవత్సరంలోనే పద్దెనిమిది వందలకు పైగా ఫ్యాక్టరీలు చూసింది. దాని సిఫార్సుల మీద 1914 నాటికి ముప్పైకి పైగా చట్టాలు వచ్చాయి. పని జరుగుతున్నంతసేపు తలుపులకు తాళం వేయరాదు. తలుపు బయటికి తెరుచుకోవాలి, ఎందుచేతనంటే జనం తోసుకువచ్చినప్పుడు లోపలికి తెరుచుకునే తలుపు వాళ్ల బరువుతోనే మూసుకుపోతుంది. చెత్త, గుడ్డ పీలికలు ఎప్పటికప్పుడు తీసివేయాలి. ఫ్యాక్టరీలో పొగ తాగరాదు. మంట వేడికి తమంతట తామే నీళ్లు చిమ్మే గొట్టాలు ఎత్తయిన ఫ్యాక్టరీ భవనాలలో ఉండాలి. నిప్పు అంటుకుంటే ఎలా దిగాలో ముందే అలవాటు చేయించాలి. మెట్ల వెడల్పును బట్టి ఒక అంతస్తులో ఎంతమందిని ఉంచవచ్చునో లెక్క కట్టాలి. ఈ చివరిదానిలో ఎంత ఆలోచన ఉందో చూడండి. స్థలం ఎంత ఉంది, మిషన్లు ఎన్ని పడతాయి అని యజమాని లెక్క వేస్తాడు. ఎంతమంది ఒకేసారి దిగగలరు అని చట్టం లెక్క వేసింది. చదివేటప్పుడు ఇవన్నీ చిన్న చిన్న విషయాలే అనిపిస్తాయి. ప్రతి ఒక్కదాని వెనుకా ఆ శనివారం ఉంది.

మన 1948 చట్టంలో కూడా, నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో 38వ సెక్షనులో ఇటువంటి నిబంధనే ఉండేది. గదిలో మనిషి ఉండగా తలుపు లోపలి నుంచి వెంటనే తెరుచుకోలేనట్టుగా తాళం వేయరాదు, తలుపు బయటికి తెరుచుకోవాలి అని. నిబంధన ఉన్నంత మాత్రాన అయిపోలేదు. 2022 మార్చి 23 తెల్లవారుజామున మన సికింద్రాబాదు బోయిగూడలో ఒక పాత సామాన్ల గోదాములో నిప్పు అంటుకుని, పైన పడుకున్న బీహారు కార్మికులు పదకొండు మంది చనిపోయారు. దిగడానికి ఉన్నది ఒకే ఒక ఇనుప చుట్ల మెట్లు. ఆ వార్త చదివిన నాడు నాకు ఆష్ బిల్డింగు జ్ఞాపకం వచ్చి రాత్రి నిద్ర పట్టలేదు.

1912లో స్త్రీలకు వారానికి 54 గంటల పని చట్టం విషయంలో ఆమె రాజకీయం కూడా నేర్చుకుంది. డబ్బాల ఫ్యాక్టరీలను మినహాయిస్తేనే బిల్లు దాటుతుందని తెలిసి, తన సంఘం ఒప్పుకోకపోయినా తన బాధ్యత మీద సరేనంది. నాలుగు లక్షల మందికి మేలు జరుగుతుండగా మిగిలినవారి కోసం అందరినీ ఆపడం ఆమెకు న్యాయమనిపించలేదు. దీన్ని తప్పుపట్టేవారు ఉన్నారు. నేను మాత్రం ఆమె పక్షమే.

1913లో పాల్ విల్సన్ అనే ఆయనను పెళ్లాడింది, ఇంటిపేరు మార్చుకోలేదు. ఒక కూతురు. కొన్నేళ్లకే భర్తకు మనోవ్యాధి పట్టుకుంది. ఆస్పత్రులూ ఇల్లూ మధ్య ఆయన జీవితం గడిచింది, సంసారం మొత్తం ఈమె సంపాదన మీదే నడిచింది. దీన్ని గురించి ఆమె బయట ఎన్నడూ మాట్లాడలేదు.

1919లో ఆల్ స్మిత్ గవర్నరు కాగానే ఆమెను రాష్ట్ర పారిశ్రామిక కమిషన్‌లో సభ్యురాలిని చేశాడు. తెల్లవారుజామున చూసిన ఆ ముఖాలను ఆయన మరిచిపోలేదన్నమాట. 1929లో గవర్నరు రూజ్వెల్ట్ ఆమెను ఆ రాష్ట్రానికి పారిశ్రామిక కమిషనరుగా నియమించాడు. ఆయనే దేశాధ్యక్షుడయ్యాక 1933లో కార్మిక శాఖకు సెక్రటరీగా పిలిచాడు. అక్కడ సెక్రటరీ అంటే మన దగ్గర మంత్రి. ఆమె వెంటనే సరేననలేదు. పని గంటలకు హద్దు, కనీస వేతనం, బాలకార్మికుల నిషేధం, నిరుద్యోగ భృతి, వృద్ధాప్య పెన్షన్, ఆరోగ్య బీమా వగైరా ఒక జాబితా ముందు పెట్టి, వీటికి ఒప్పుకుంటేనే వస్తానంది. ఆయన ఒప్పుకున్నాడు. పన్నెండేళ్లు ఆ పదవిలో ఉండి, ఆరోగ్య బీమా తప్ప దాదాపు అన్నీ సాధించింది. ఎప్పుడూ నల్ల దుస్తులు, మూడు మూలల టోపీ. మగవాళ్ల మధ్య పని జరగాలంటే వాళ్లకు తమ తల్లి గుర్తుకు రావాలని ఆమె ఎత్తు. పని జరిగింది గనుక ఎత్తు మంచిదేననాలి.

భద్రత విషయానికి వస్తే, 1934లో ఆమె తన శాఖలో కార్మిక ప్రమాణాల విభాగం పెట్టింది. అప్పటికి ఫ్యాక్టరీల తనిఖీ అంతా రాష్ట్రాల చేతిలో ఉండేది, ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరు. రాష్ట్రాల ఇన్‌స్పెక్టర్లకు శిక్షణ ఇవ్వడం, ప్రమాణాలు తయారుచేసి అందించడం ఈ విభాగం పని. పారిశ్రామిక విషాల మీద జీవితమంతా పరిశోధన చేసిన డాక్టర్ ఆలిస్ హామిల్టన్‌ను దానికి సలహాదారుగా తెచ్చుకుంది. వెస్ట్ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ అనే చోట 1930లో మొదలైన సొరంగం పనిలో, ఇసుకరాతిని పొడిగానే తొలిచినందువల్ల ఆ ధూళి పీల్చి వందలమంది కార్మికులు ఊపిరితిత్తులు గట్టిపడి చనిపోయారు. ఆ జబ్బును సిలికోసిస్ అంటారు, ఒకసారి వస్తే నయం కాదు. రాయి మీద నీళ్లు పోస్తూ తొలిచి, గాలి ఆడేటట్టు చేసి ఉంటే చాలావరకు తప్పేది. 1936లో ఆమె దీని మీద జాతీయ సమావేశం పిలిపించింది. మంట ఒక్క సాయంత్రంలో చంపుతుంది, ధూళి కొన్నేళ్లు తీసుకుంటుంది. రెండోది నోటీసులకు ఎక్కదు గనుక దానిని పట్టుకోవడం మరీ కష్టం.

పెన్షనర్లమైన మనకు ముఖ్యమైనది 1935 ఆగస్టు 14న సంతకమైన సోషల్ సెక్యూరిటీ చట్టం. దాన్ని తయారుచేసిన కమిటీకి అధ్యక్షురాలు ఈమే. ఆనాడు అధ్యక్షుడు సంతకం చేస్తున్న ఫోటోలో ఆమె వెనుక నిలబడి ఉంటుంది. ఆ రోజే భర్త ఆస్పత్రి నుంచి కనబడకుండా పోయాడని కబురు వచ్చింది. ఉత్సవం ముగియగానే రైలెక్కి న్యూయార్క్ వెళ్లి వెదికి పట్టుకుంది. ఈ చట్టం కింద మొట్టమొదటి నెలసరి చెక్కు 1940 జనవరి 31న అందుకున్నది ఐడా మే ఫుల్లర్, మనలాగే ఒక ఆఫీసులో, ఒక లాయరు దగ్గర, పనిచేసి రిటైరైన మనిషి. చెక్కు 22 డాలర్ల 54 సెంట్లు. ఆవిడ కట్టిన చందా మొత్తం పాతిక డాలర్ల లోపే, ఆవిడ బతికింది నూరేళ్లు! ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే మనకు ఇంతకంటే శుభవార్త ఏముంటుంది? అయితే పొలం పనివాళ్లనూ ఇళ్లలో పనిచేసేవాళ్లనూ ఆ చట్టం మొదట్లో వదిలేసింది. నల్లజాతివారిలో ఎక్కువమంది వాళ్లే. అది ఆ చట్టానికి పెద్ద లోటు.

పదవిలో ఉండగా నిందలు కూడా పడింది. ఒక కార్మిక నాయకుణ్ణి దేశం నుంచి పంపివేయలేదని 1939లో ఆమెను పదవి నుంచి తొలగించాలని తీర్మానం పెట్టారు, అది నిలవలేదు. రూజ్వెల్ట్ పోయాక 1945లో పదవి వదిలింది. తరువాత కొన్నేళ్లు ప్రభుత్వోద్యోగుల నియామకాలు చూసే సివిల్ సర్వీస్ కమిషన్‌లో సభ్యురాలిగా ఉంది. 1957 నుంచి కార్నెల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది. డెబ్భై ఏడేళ్ల వయస్సులో కొత్త ఉద్యోగం. అక్కడి విద్యార్థుల వసతి గృహంలో, కుర్రవాళ్ల మధ్య ఒక గది తీసుకుని ఉండేది.

1961 మార్చి 25న, మంటకు యాభై ఏళ్లు నిండిన నాడు, ఆష్ బిల్డింగు దగ్గర జరిగిన సభకు ఆమె వచ్చింది. ఆనాడు తప్పించుకున్న ఆడవాళ్లలో కొందరు ముసలివాళ్లై వచ్చారు. 1965 మే 14న న్యూయార్క్‌లో కన్నుమూసింది. మెయిన్ రాష్ట్రంలో తాతల నాటి ఊరు న్యూకాజిల్‌లో భర్త పక్కనే సమాధి చేశారు. ఆమె పోయిన ఐదేళ్లకు, 1970లో, దేశమంతటికీ వర్తించే కార్మిక భద్రతా చట్టం అమెరికాలో వచ్చింది. ఆమె 1934లో పెట్టిన విభాగం పనంతా దాని కింద ఏర్పడిన కొత్త సంస్థలో కలిసింది. 1980లో వాషింగ్టన్‌లోని కార్మిక శాఖ భవనానికి ఆమె పేరు పెట్టారు. ఆష్ బిల్డింగు ఇప్పుడు న్యూయార్క్ విశ్వవిద్యాలయం వారిది. 2023 అక్టోబరులో దాని గోడకు ఉక్కు పట్టీ ఒకటి బిగించి, చనిపోయిన 146 మంది పేర్లూ దాని మీద చెక్కించారు.